ఫోను పాడవలేదు, గడువు తీరింది

మారిషస్‌లో రోజ్ బెల్ దగ్గర మా మేనత్త ఉంటారు. ఆవిడకి డెబ్బై తొమ్మిదేళ్ళు. ఇంట్లో, వీధిలో క్రియోల్ మాట్లాడతారు. పూజ గదిలో మాత్రం తెలుగే. రామభజన పాటలు ఆవిడకి వచ్చినన్ని మా కుటుంబంలో ఇంకెవరికీ రావు. ఏళ్ళ తరబడి ఆ పాటలు చిన్న ఫోన్‌లో పాడి, ఇక్కడ క్యారీలో ఉన్న మాకు పంపేవారు. శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ మేము వినేవాళ్ళం. మా పిల్లలకి తెలుగు అంటే ముందు గుర్తొచ్చేది ఆ గొంతే.

ఒక శనివారం పాట రాలేదు. తర్వాతి శనివారమూ రాలేదు. ఇంటి ఫోనుకి చేశాను.

"అత్తా, ఏమైంది? ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేంరా, బాగానే ఉన్నాను. ఈ ఫోనే మాట వినడం లేదు. నువ్వు పాతదానివి, ఇక కుదరదు అంటోంది. కింద పడలేదు, నీళ్ళలో పడలేదు. పాడవని ఫోను పనికిరాదు అంటే ఏమిట్రా అర్థం?"

ఆవిడ అడిగింది మంచి ప్రశ్న. దానికి జవాబు వెతుకుతూ రాసిందే ఈ వ్యాసం.

ఆ ఫోను నిజంగా పాడవలేదు. తెర బాగుంది, మైకు బాగుంది, బ్యాటరీ సాయంత్రం దాకా వస్తోంది. కానీ అందులోని ఆండ్రాయిడ్ చాలా పాతది. ఫోను చేసిన కంపెనీ దానికి అప్‌డేట్లు పంపడం ఎప్పుడో మానేసింది. మెసేజ్ యాప్ కూడా ఆ పాత ఆండ్రాయిడ్‌ని వదిలేసింది. అంటే ఫోనుకి ప్రాణం ఉంది కానీ గడువు తీరిపోయింది. "గడువు" అంటే ఒక పనికి ముందే పెట్టిన ఆఖరి తేదీ. మన తాతముత్తాతలకి బాగా తెలిసిన మాట ఇది. వాళ్ళ ఐదేళ్ళ ఒప్పందానికి కూడా ఒక గడువు ఉండేది.

గడువు ఎవరు పెడతారు?

ముందుగా, అప్‌డేట్ ఎందుకు? ఫోన్‌లో లక్షల వరుసల సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అందులో తప్పులు దొరుకుతూనే ఉంటాయి. కొన్ని తప్పులు దొంగకి తెరిచిన కిటికీ లాంటివి. అప్‌డేట్ వస్తే ఆ కిటికీ మూసుకుంటుంది. అప్‌డేట్లు ఆగిపోతే, కొత్తగా కనిపెట్టిన ప్రతి కిటికీ తెరిచే ఉండిపోతుంది. మన బ్యాంకు, మన ఫోటోలు, మన మాటలు అన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి.

అప్‌డేట్ మన దాకా రావాలంటే చాలా చేతులు మారాలి. ఆండ్రాయిడ్‌ని గూగుల్ తయారు చేస్తుంది. ఫోను లోపలి చిప్‌ని క్వాల్‌కామ్ లాంటి ఇంకో కంపెనీ తయారు చేస్తుంది. కొత్త ఆండ్రాయిడ్ ఆ చిప్ మీద నడవాలంటే చిప్ కంపెనీ కూడా కొంత సాఫ్ట్‌వేర్ రాసి ఇవ్వాలి. తర్వాత ఫోను కంపెనీ వాటిని కలిపి, పరీక్షించి మనకి పంపాలి. ఈ గొలుసులో ఒక్కరు చేతులెత్తేసినా పని ఆగిపోతుంది. "చేతులెత్తేయడం" అంటే ఇక నా వల్ల కాదని వదిలేయడం.

సాఫ్ట్‌వేర్‌ని ఎక్కువ కాలం చూసుకోవడం అసాధ్యమేమీ కాదు. ఆ సంగతి మన ఊళ్ళో వాళ్ళకి కొత్తగా చెప్పక్కరలేదు. క్యారీ పక్కనే రాలీలో రెడ్ హాట్ కంపెనీ ముఖ్య కార్యాలయం ఉంది. ఆ కంపెనీ లినక్స్ 7వ వెర్షన్ 2014 జూన్‌లో వచ్చింది. దాని మామూలు మద్దతు 2024 జూన్ 30 దాకా సాగింది. పదేళ్ళు! బ్యాంకులు, ఆసుపత్రులు డబ్బు కట్టి అడిగాయి కాబట్టి వాటికి పదేళ్ళ మద్దతు దొరికింది. ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది కూడా లినక్సే. మరి జేబులో ఫోనుకి చాలా కాలం పాటు రెండు మూడేళ్ళే ఎందుకు దొరికాయి? ఫోను కంపెనీకి లాభం కొత్త ఫోను అమ్మితేనే వస్తుంది. పాత ఫోన్‌ని చూసుకోవడం దానికి ఖర్చు. పైగా కొనేవాళ్ళం మనం గట్టిగా అడగలేదు.

అడిగిన వాళ్ళ కథ

అడిగిన వాళ్ళలో ఒకరు నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నారు. ఆ కంపెనీ పేరు ఫెయిర్‌ఫోన్. 2013లో మొదలైంది. ఫోన్‌లో వాడే ఖనిజాలు ఎక్కడివి, వాటిని తవ్విన కూలీకి ఏం దక్కింది అన్న ప్రశ్నలతో అది పుట్టింది. ప్రపంచంలోని కోబాల్ట్‌లో సగానికి పైగా కాంగో దేశం నుంచే వస్తుంది. అది బ్యాటరీల్లోకి వెళుతుంది. చెరుకు తోటల్లో కూలీ చేసిన వాళ్ళ మనవలం మనం. ఒక వస్తువు వెనక ఎవరి చెమట ఉందని అడగడం మనకి సహజమే.

వాళ్ళ రెండో ఫోను ఫెయిర్‌ఫోన్ 2. అది 2015 చివర ఆండ్రాయిడ్ 5తో వచ్చింది. దాని చిప్‌కి క్వాల్‌కామ్ ఆండ్రాయిడ్ 6 తర్వాత మద్దతు ఇవ్వలేదు. మామూలుగా అయితే కథ అక్కడితో ముగిసేది. కానీ ఆ చిన్న కంపెనీ ఆగలేదు. బయటి ప్రోగ్రామర్ల సాయం కూడా తీసుకుని, అదే ఫోనుకి ఆండ్రాయిడ్ 7, తర్వాత 9, చివరికి 10 కూడా తెచ్చింది. 2023 మార్చిలో మద్దతు ముగించింది. అప్పటికి ఆ ఫోనుకి ఏడేళ్ళు దాటాయి.

2023లో ఫెయిర్‌ఫోన్ 5 వచ్చినప్పుడు వాళ్ళు ఇంకో పని చేశారు. మామూలు ఫోను చిప్ కాకుండా ఫ్యాక్టరీ యంత్రాల కోసం చేసిన చిప్ వాడారు. అలాంటి చిప్‌లకి తయారీదారు ఎక్కువ ఏళ్ళు మద్దతు ఇస్తాడు. అందుకే 2031 దాకా సాఫ్ట్‌వేర్ చూసుకుంటామని చెప్పగలిగారు. 2025లో వచ్చిన కొత్త మోడల్‌కి ఆ గడువు 2033. బ్యాటరీ పాతబడితే చిన్న స్క్రూడ్రైవర్‌తో ఇంట్లోనే మార్చుకోవచ్చు.

పెద్ద కంపెనీలు కూడా కదిలాయి. 2023 అక్టోబరులో గూగుల్ తన పిక్సెల్ 8కి ఏడేళ్ళు ఇస్తానంది. 2024 జనవరిలో శామ్‌సంగ్ తన గెలాక్సీ ఎస్24కి అదే మాట ఇచ్చింది. ఆపిల్ ఐఫోన్లని చాలా ఏళ్ళు చూసుకుంటుందని పేరు. కానీ 2024లో బ్రిటన్ చట్టం "కనీసం ఎంత కాలమో రాసి ఇవ్వండి" అని అడిగినప్పుడు, ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌కి ఆపిల్ కాగితం మీద రాసింది ఐదేళ్ళే. అలవాటుగా చేయడం వేరు, మాట ఇవ్వడం వేరు.

యూరప్‌లో ఇప్పుడిది చట్టం. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే కొత్త మోడల్ ఫోన్లకి, ఆ మోడల్ అమ్మకం ఆగిన రోజు నుంచి కనీసం ఐదేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలి. "అమ్మకం ఆగిన రోజు నుంచి" అన్న మాట గమనించండి. మామూలుగా కంపెనీలు గడువుని మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్కపెడతాయి, మనం కొన్న రోజు నుంచి కాదు. పిక్సెల్ 8 గడువు 2030 అక్టోబరు. దాన్ని మీరు 2026లో చవకగా కొంటే మీకు దక్కేది ఏడేళ్ళు కాదు, నాలుగే.

ఈ లెక్క తెలియక నేనూ మోసపోయాను. మా అమ్మాయికి హైస్కూల్లో చేరినప్పుడు సగం ధరకి ఒక ఫోను కొన్నాను. పెట్టె మీద కెమెరా గురించి, రంగు గురించి రాశారు కానీ గడువు గురించి ఒక్క ముక్క లేదు. ఏడాది తిరగకుండానే అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2024లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 184 స్మార్ట్ వస్తువులు చూశారు. వాటిలో వినికిడి యంత్రాలు ఉన్నాయి, తలుపు తాళాలు ఉన్నాయి. వాటిలో 163 వస్తువుల విషయంలో, అప్‌డేట్లు ఎంత కాలం వస్తాయో కంపెనీ తన వెబ్‌సైటులో చెప్పలేదు.

జేబులో టికెట్

ఇప్పటిదాకా "ఎప్పటి దాకా?" అన్న ప్రశ్న చూశాం. రెండో ప్రశ్న "నా వివరాలు ఎవరి దగ్గరికి?" దీని కోసం కాసేపు పాత మారిషస్‌కి వెళ్దాం.

కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళని అక్కడ "కోరంగీలు" అనేవారు. ఓడ దిగిన ప్రతి కూలీకి ఒక నంబరు ఇచ్చేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు అన్నీ పుస్తకంలో రాసేవారు. 1867 చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. ఒప్పందం ముగించుకుని స్వేచ్ఛగా బతుకుతున్న పాత కూలీలు కూడా తమ ఫోటో ఉన్న టికెట్ ఎప్పుడూ వెంట పెట్టుకోవాలి. పోలీసు అడిగినప్పుడు చూపించలేకపోతే పట్టుకుపోవచ్చు. పక్క ఊరికి చుట్టాల ఇంటికి వెళ్ళాలన్నా జేబులో ఆ కాగితం ఉండాలి.

మన పెద్దలు ఊరుకోలేదు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే దొర సాయంతో గవర్నరుకి విన్నపం పెట్టుకున్నారు. దాని మీద 9,401 మంది పేర్లున్నాయి. మరుసటి ఏడాది లండన్ నుంచి రాయల్ కమిషన్ విచారణకి వచ్చింది.

కూలీ కష్టాన్ని ఫోను కష్టంతో పోల్చడం లేదు. అలా పోలిస్తే తప్పు. కానీ ఒక్క విషయం నేర్చుకోవచ్చు. మన గురించి రాసిన వివరం ఎవరి చేతిలో ఉందో, ఎందుకు ఉందో అడగడం మనకి కొత్త కాదు, అది మన ఇంటి అలవాటు.

ఇందులో ఒక చిత్రం కూడా ఉంది. ఆ పాత పుస్తకాలు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మా ముత్తాతగారి ఊరు పేరు మాకు దొరికింది ఆ నంబరు వల్లే. ఆయన్ని అదుపులో పెట్టడానికి రాసిన పుటే ఇవాళ మాకు ఆస్తి అయింది. కాబట్టి వివరాలు రాయడమే చెడు అనలేను. ఆ పుస్తకం ఎవరి అలమరలో ఉంది, మనకి చూసే హక్కు ఉందా, వద్దు అనే హక్కు ఉందా అన్నవే అసలు ప్రశ్నలు.

ఫోను ఎవరితో మాట్లాడుతుంది?

2021లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ ప్రొఫెసర్ డగ్లస్ లీత్ ఒక పరీక్ష చేశారు. ఎవరూ ముట్టుకోని ఫోను కూడా, సగటున నాలుగున్నర నిమిషాలకి ఒకసారి తన కంపెనీతో మాట్లాడుతోందని తేలింది. ఆండ్రాయిడ్ అయితే గూగుల్‌తో, ఐఫోన్ అయితే ఆపిల్‌తో. దీనికి తోడు యాప్‌లలో దాగి ఉండే "ట్రాకర్లు" ఉంటాయి. ట్రాకర్ అంటే మన అడుగుజాడలు పట్టుకుని వెంటవచ్చే చిన్న ప్రోగ్రాము.

దీన్ని తగ్గించే ఫోన్లు ఉన్నాయి. ఫెయిర్‌ఫోన్ అమెరికాలో మొదట 2023లో మురేనా అనే కంపెనీ ద్వారా అమ్మకానికి వచ్చింది. మురేనా పెట్టిన వ్యక్తి గయేల్ దువాల్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్. 1998లో మాండ్రేక్ లినక్స్ మొదలుపెట్టింది ఆయనే. మురేనా ఫోన్‌లో "ఈ ఓఎస్" ఉంటుంది. అది ఆండ్రాయిడే, కానీ అందులో గూగుల్ యాప్‌లు, గూగుల్ సర్వీసులు తీసేశారు. ఏ యాప్‌లో ఎన్ని ట్రాకర్లు ఉన్నాయో చూపిస్తుంది. వాటిని ఆపే మీట కూడా ఇస్తుంది. 2025లో వచ్చిన ఫెయిర్‌ఫోన్ కొత్త మోడల్ కూడా ఇక్కడ ఈ ఓఎస్‌తోనే దొరుకుతోంది. 2025లో దాని ధర 899 డాలర్లు ఉండేది.

నిజాయితీగా చెప్పాలంటే ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. ఈ ఫోను టీ-మొబైల్ నెట్‌వర్క్ మీద బాగా నడుస్తుంది. మిగతా నెట్‌వర్క్‌ల వాళ్ళు కొనే ముందే అడిగి తెలుసుకోవాలి. గూగుల్ లేని ఫోన్‌లో కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోకపోవచ్చు. ఇంకో ముఖ్యమైన మాట. గోప్యత వేరు, భద్రత వేరు. గోప్యత అంటే మన సంగతి మన దగ్గరే ఉండడం. భద్రత అంటే దొంగ లోపలికి రాకుండా తలుపు గట్టిగా ఉండడం. గూగుల్‌కి ఏమీ చెప్పని ఫోనుకి అప్‌డేట్లు ఆలస్యంగా వస్తే తలుపు బలహీనమే. ఏడేళ్ళు ఠంచనుగా అప్‌డేట్లు వచ్చే ఫోను మన సంగతులన్నీ కంపెనీకి చెబుతుంటే కిటికీకి తెర లేనట్టే. రెండూ కావాలనుకునే కొందరు పిక్సెల్ ఫోను కొని అందులో గ్రాఫీన్ ఓఎస్ వేసుకుంటారు. అందరికీ ఆ ఓపిక ఉండదు. మా అత్తకైతే అస్సలు ఉండదు.

క్యారీలో ఈ వారం చేయగల పనులు

కొత్త ఫోను కొనక్కరలేదు. అన్నిటికన్నా పచ్చని ఫోను ఇప్పుడు మీ చేతిలో ఉన్నదే. ఫోను వల్ల గాలికి జరిగే కీడులో ఎక్కువ భాగం దాన్ని తయారు చేసేటప్పుడే జరిగిపోతుంది. ఇంకో ఏడాది వాడితే ఆ మేరకు మేలు.

మొదట సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్" తెరిచి, చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఏడాది దాటి ఉంటే ఆ ఫోను మీద బ్యాంకు పనులు మానండి. తర్వాత ప్రైవసీ పుట తెరవండి. ఏ యాప్ మీ మైకు, కెమెరా, మీరున్న చోటు చూస్తోందో అక్కడ కనబడుతుంది. టార్చిలైట్ యాప్‌కి మీరున్న చోటుతో పనేమిటి? తీసేయండి. ఆండ్రాయిడ్ 12 గానీ ఆ తర్వాతది గానీ అయితే, ప్రకటనల కోసం మీకిచ్చిన నంబరుని కూడా చెరిపేయవచ్చు. ఐఫోన్‌లో "ట్రాక్ చేయవచ్చా?" అని యాప్ అడిగితే వద్దు అనండి. మన పెద్దలకి వద్దు అనే మీట లేదు. మనకి ఉంది.

కొత్తది కొనక తప్పదనుకోండి. అప్పుడు కొట్లో అబ్బాయిని కెమెరా గురించి తర్వాత అడగండి. ముందు ఈ రెండు అడగండి: "దీనికి అప్‌డేట్లు ఏ నెల, ఏ సంవత్సరం దాకా వస్తాయి? బ్యాటరీ ఎవరు మారుస్తారు, ఎంతవుతుంది?" తేదీ చెప్పలేకపోతే, చెప్పే ఫోను చూడండి.

పాత ఫోన్‌ని చెత్తబుట్టలో వేయవద్దు. ముందు అందులోని గొంతులు, ఫోటోలు వేరే చోట దాచండి. తర్వాత అంతా చెరిపేసి, నార్త్ డిక్సన్ అవెన్యూ మీద ఉన్న టౌన్ ఆఫ్ క్యారీ వారి సిటిజన్స్ కన్వీనియెన్స్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైందని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో సరిగ్గా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకి వచ్చింది 22.3 శాతమే.

"దాచండి" అన్నానే, అది అన్నిటికన్నా ముందు చేయండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదని సామెత. నష్టం జరిగాక జాగ్రత్తపడి ప్రయోజనం లేదని అర్థం. నాకు చేతులు కొంచెం కాలాయి. అత్త పంపిన మొదటి ఏళ్ళ పాటలు నా పాత ఫోన్‌తో పాటే పోయాయి. అత్త ఫోన్‌లో మిగిలినవి మా బావగారి అబ్బాయి వైరు పెట్టి కంప్యూటర్‌లోకి దింపాడు. నలభై మూడు పాటలు. ఇప్పుడు ఒక హార్డ్ డిస్క్ రోజ్ బెల్‌లో ఉంది, ఒకటి క్యారీలో మా బీరువాలో ఉంది. ఎవరి సర్వరూ కాదు, మా ఇంటి అలమర.

పోయిన నెల అత్తకి కొత్త ఫోను పంపాం. ఖరీదైనది కాదు, కానీ గడువు తేదీ స్పష్టంగా రాసి ఉన్నది. శనివారం పాట మళ్ళీ మొదలైంది. మొదటి పాట అయిపోయాక ఫోన్‌లో ఆవిడ గొంతు వినిపించింది.

"ఒరేయ్, దీని గడువు ఎప్పటి దాకా?"

"2031 దాకా అత్తా."

కాసేపు లెక్క వేసుకున్నారు.

"అయితే నేనే ముందు పోతానేమో. పాటలు మాత్రం జాగ్రత్తగా ఉంచు. పిల్లలకి నేర్పు."